మంచునాగలికి పేరున్నది, మనిషికి లేదు

శ్రమను గౌరవించడానికి జనం ఒక పండుగ పెట్టుకుంటే దానికి కూడా వంక పెట్టాలా అని మన మిత్రుల్లో కొందరు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ ఉద్దేశమూ చెడ్డది కాదు. అందుకే సమాధానం కాస్త వివరంగా చెప్పవలసి వస్తున్నది.

ఉత్తర అమెరికాలో చలికాలం వచ్చిందంటే రకరకాల సరదా పండుగలు పుట్టుకొస్తాయి. అవి మతానికి సంబంధించినవి కావు, ప్రభుత్వం సెలవిచ్చేవీ కావు. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటిపడే రోజుల్లో కాస్త నవ్వుకోవడానికి ఎవరో మొదలుపెడితే పదిమంది అందుకున్నవి. రోడ్లమీద మంచు తోసే బండి డ్రైవర్లను మెచ్చుకునే పండుగ అలాంటిదే. పిల్లలు బొమ్మలు గీసి పంపడం, డ్రైవరుకు వేడి కాఫీ, నాలుగు బిస్కత్తులు అందించడం, బండి కనబడితే చెయ్యి ఊపడం, ఇంతకుమించి పూజావిధానం లేదు. ఆ బండిని వాళ్ళు స్నోప్లౌ అంటారు. మాటకు మాట తెనిగిస్తే మంచునాగలి. మన నాగలి దున్నితే పంట వస్తుంది. ఈ నాగలి దున్నిన చాలులో ఏమీ మొలవదు. తెల్లవారేలోగా మళ్ళీ మంచు కప్పేస్తుంది, మళ్ళీ దున్నాలి.

ఈ పండుగను గురించి మనవాళ్ళలో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. మొదటిది: "మన దేశంలో రోడ్డు ఊడ్చేవాడికి గుక్కెడు మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. అక్కడ బడిపిల్లలు డ్రైవరుకు ఉత్తరాలు రాస్తున్నారు. శ్రమకు ఇంతకంటే గౌరవమేం కావాలి?" రెండోది: "అదంతా బూర్జువా జోలపాట. దాన్ని గురించి మాట్లాడడమే దండగ." మొదటి అభిప్రాయంలో సగం నిజమున్నది. రెండోదాంట్లో ఉన్నది బద్ధకం. విమర్శ చెయ్యవలసిన చోట పేరు పెట్టి పక్కకు నెట్టేస్తే పని తగ్గుతుంది కాని విషయం తేలదు.

మెచ్చుకోవడానికైనా తిట్టడానికైనా ముందు ఆ పని ఏమిటో తెలియాలి. పెద్ద లారీకి ముందు మనిషి నడుమెత్తు ఇనుప పలక. కొన్ని బండ్లకు పక్కన మరో రెక్క. వెనక తొట్టినిండా ఉప్పు. లోపల చాలాచోట్ల డ్రైవరు ఒక్కడే. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చెయ్యి పలకను ఎత్తే దించే మీటలమీద, ఉప్పు ఎంత పడాలో నిర్ణయించే మీటమీద. చెవి రేడియో దగ్గర. కన్ను మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియదు. దీపాల వెలుగులో మంచు తిన్నగా ముఖంమీదికి వచ్చి పడుతున్నట్టుంటుంది. రోడ్డు ఎక్కడ అయిపోయిందో, గుంట ఎక్కడ మొదలైందో ఆనవాలుండదు. మంచుకింద మునిగిపోయిన కారు ఉండవచ్చు, మురుగుకాలువ మూత ఉండవచ్చు, వంతెన అతుకు ఉండవచ్చు. పలక అంచు దేనికైనా తగిలిందంటే అంత బండీ అదిరిపోతుంది. బండి వెనక లేచే మంచుపొగలో బండే కనిపించదు. తొందరపడే కారువాడు వెనకనుంచి వచ్చి గుద్దుకోవడం ప్రతి చలికాలం జరిగే విషయం.

ఉప్పు సంగతి ఇంకా నాజూకు. ఉప్పు వేస్తే మంచు కరుగుతుందని అందరికీ తెలుసు. కాని చలి సున్నాకు దిగువన తొమ్మిది డిగ్రీలు దాటి పోయిందంటే మామూలు ఉప్పు మందగిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడు వంటివి కలపాలి. తుపాను రాకముందే ఉప్పునీళ్ళు చల్లిపెట్టడం మరో పద్ధతి. తక్కువ వేస్తే రోడ్డు గాజుపలక అవుతుంది. ఎక్కువ వేస్తే వాగులు, బావులు ఉప్పెక్కుతాయి, వంతెనల ఇనుము తింటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది ఆ నడిరాత్రి ఆ డ్రైవరు తేల్చుకోవాలి. ఇది ఒట్టి కండబలం పని అనుకునే విద్యావంతులు ఒకసారి ఆ సీటులో కూర్చుని చూడాలి. న్యూయార్కు నగరంలో మంచు పడ్డప్పుడు ఈ పని చేసేవాళ్ళు వేరే ఎవరో కారు, చెత్త ఎత్తే కార్మికులే. చెత్త లారీకే ముందు పలక తగిలిస్తారు. పన్నెండేసి గంటల పాళీలు వేస్తారు. ఏడాది పొడుగునా ముక్కు మూసుకుని ఎవరినుంచి తప్పుకుంటారో, మంచు పడ్డ రోజున ఆ మనిషికే చెయ్యి ఊపుతారన్నమాట.

అయితే ఇంత పని చేసే మనిషిమీద ఊళ్ళో ప్రేమే ఉంటుందా? ఉండదు. దానికి కారణమున్నది. ఇంటివాడు తెల్లవారుజామున లేచి, రెండు గంటలు నడుము విరిగేట్టు పారపట్టి, కారు బయటికి వచ్చే దారి శుభ్రం చేసుకుంటాడు. లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకునేలోగా మంచునాగలి వస్తుంది. రోడ్డుమీది మంచునంతా పక్కకు తోస్తూ పోతుంది. ఆ పక్క అంటే సరిగ్గా వీడి వాకిలే! మోకాలెత్తు గట్టు, అదీ గడ్డకట్టింది, అడ్డంగా పడుతుంది. ఒక్కొక్కసారి రోడ్డుపక్క టపా పెట్టె కూడా లేచిపోతుంది. ఇంటివాడు వరండాలో నిలబడి తిట్టే తిట్లు అచ్చువెయ్యదగ్గవి కావు. డ్రైవరు చెయ్యగలిగింది లేదు. పలక వాటం అలాంటిది, మంచు ఎక్కడో అక్కడ పడాలి కదా. ఇటువంటి తగాదా నిత్యం నడిచే చోట ఏడాదికి ఒక రోజు ఇద్దరూ నవ్వుకుని కాఫీ తాగారంటే అందులో మోసమేమీ లేదు. పక్కపక్కన బతికే ఇద్దరు శ్రమజీవుల మధ్య రాజీ అది. ఆ నవ్వును కాదనే హక్కు నాకు లేదు. రెండో అభిప్రాయం వాళ్ళు ఇక్కడే పొరబడ్డారు.

నా తగాదా ఆ నవ్వు ప్రభుత్వ కార్యాలయంలోకి వెళ్ళి తిరిగివచ్చేటప్పుడు పొందిన రూపంతో. మిన్నెసోటా రాష్ట్ర రవాణాశాఖ 2020–21 చలికాలంలో మంచుబండ్లకు పేర్లు పెట్టే పోటీ ప్రారంభించింది. తొలి ఏడాదే ఇరవైవేలకు పైగా పేర్లు వచ్చాయి. శాఖకున్న ఎనిమిది జిల్లాలకు ఎనిమిది పేర్లు గెలిచాయి. మొదటి స్థానం "ప్లౌవీ మెక్‌ప్లౌఫేస్"ది. (2016లో బ్రిటనులో ఓడకు పేరు పెట్టమంటే జనం "బోటీ మెక్‌బోట్‌ఫేస్" అన్నారు. పెద్దలు ఆ పేరును ఒక చిన్న జలాంతర యంత్రానికి అంటగట్టి, ఓడకు తమకు నచ్చిన పేరు పెట్టుకున్నారు. ఆ హాస్యానికి ఇది మనుమడు.) మరుసటేడు నటి బెట్టీ వైట్ పేరుమీద "బెట్టీ వైటౌట్", 2024లో గాయని టేలర్ స్విఫ్ట్ పేరుమీద "టేలర్ డ్రిఫ్ట్" గెలిచాయి. స్కాట్లండులో ఉప్పు చల్లే బండ్లకు కూడా ఇలాంటి పేర్లే, "గ్రిట్టీ గ్రిట్టీ బ్యాంగ్ బ్యాంగ్" వంటివి. శ్లేషలు బాగున్నాయి. మన అవధానులు కూడా ఒప్పుకుంటారు.

కాని పేరు ఎవరికి పెట్టారు? బండికి. ఊరంతా ఓటువేసి, పత్రికలు ఫొటోలు వేసి, పిల్లలు గుర్తుపట్టి కేకలు వేసే పేరు బండి తలుపుమీద ఉన్నది. ఆ తలుపు వెనక కూర్చున్నవాడి పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. మెప్పు మనిషినుంచి మెల్లగా జారి యంత్రంమీదికి పోయింది. యంత్రాన్ని మెచ్చుకోవడంలో ఒక సౌకర్యమున్నది: అది జీతం పెంచమనదు, నిద్ర కావాలనదు, సమ్మె నోటీసు ఇవ్వదు. పోటీ నియమాల్లో మరొకటి గమనించండి. రాజకీయాల వాసన వేసే పేర్లు పరిశీలనకు రావు. నవ్వవచ్చు, సినిమాతారలమీద నవ్వవచ్చు, చలిమీద నవ్వవచ్చు. ఆ బండి ఎవరి డబ్బుతో నడుస్తున్నది, ఎందుకు తక్కువ నడుస్తున్నది అన్న వైపు మాత్రం నవ్వు తిరగకూడదు.

"ఆ పెద్దలకు ఈ పని విలువ తెలియక కాదా? తెలియజెప్పడానికే కదా ఈ పండుగలు?" అనవచ్చు. పాలకులకు తెలిసినంత బాగా ఈ పని విలువ మరెవరికీ తెలియదు. 1969 ఫిబ్రవరిలో న్యూయార్కులో 15 అంగుళాల మంచు పడ్డది. మంచు తీసే యంత్రాల్లో దాదాపు నూటికి నలభై మరమ్మతు లేక మూలపడి ఉన్నాయి. 42 మంది చనిపోయారు. వాళ్ళలో సగంమంది క్వీన్స్ ప్రాంతంవాళ్ళు, ఎందుకంటే అక్కడి వీధుల్లోకి రోజులతరబడి నాగలి రాలేదు. నోబెల్ బహుమతి పొందిన రాల్ఫ్ బంచ్ అక్కడే కాపురముండి, మేయరుకు ఫిర్యాదు తంతి పంపవలసి వచ్చింది. మేయరు లిండ్సే చూడటానికి వెళ్తే జనం ఛీకొట్టారు. 1979లో చికాగో మేయరు బిలాండిక్ మంచు తీయించలేక, తన పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే జేన్ బైర్న్ చేతిలో ఓడిపోయాడు. ఆనాటినుంచి అమెరికాలో మంచు పేరు చెబితే ఉలిక్కిపడని మేయరు లేడు. వాళ్ళకు కావలసింది జ్ఞానం కాదు. తెలిసికూడా మనుషులను తగ్గించుకుంటూ పోయే లెక్క ఒకటున్నది, దాని పేరు బడ్జెటు.

ఆ లెక్క ఎలా పనిచేస్తుందో 2010 డిసెంబరు చూపించింది. క్రిస్మస్ మరునాడు న్యూయార్కులో 20 అంగుళాల మంచు పడ్డది. అంతకుముందు రెండేళ్ళలో నగర పారిశుద్ధ్య శాఖలో సుమారు 400 మంది కార్మికుల ఉద్యోగాలు తగ్గిపోయి ఉన్నాయి. మేయరు బ్లూంబర్గ్ యంత్రాంగం మంచు అత్యవసర పరిస్థితిని ప్రకటించలేదు. వందల బస్సులు, అంబులెన్సులు మంచులో కూరుకుపోయాయి. మన్‌హటన్ పెద్ద వీధులు తేరుకున్నా బ్రూక్లిన్, క్వీన్స్ వీధులు రోజులతరబడి తెల్లగానే ఉన్నాయి. అప్పుడు ఏం జరిగింది? నాలుగురోజులు గడవకముందే ఒక నగరసభ సభ్యుడు లేచి, కార్మికులు కావాలనే పని నెమ్మది చేశారు, తనకు కార్మికులే వచ్చి చెప్పారు అన్నాడు. పత్రికలు అందుకున్నాయి. పన్నెండేసి గంటలు బండిమీద ఉన్నవాళ్ళు తెల్లవారేసరికి నేరస్థులైపోయారు. నగర దర్యాప్తు శాఖ నెలలతరబడి విచారించి, వ్యవస్థీకృతంగా పని నెమ్మది చేశారనడానికి సాక్ష్యం లేదని 2011 జూన్‌లో తేల్చింది. ఆరోపణ చేసిన పెద్దమనిషి పేర్లు చెప్పలేకపోయాడు. (ఆయనే 2014లో వేరే లంచాల కేసులో దోషిగా తేలాడు. దానికీ దీనికీ సంబంధం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.) ఆరోపణ మొదటి పేజీలో వచ్చినంత పెద్ద అక్షరాల్లో విచారణ ఫలితం రాలేదని వేరే చెప్పాలా?

కృతజ్ఞత చిక్కు ఇక్కడ ఉన్నది. అది ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. నిన్న బిస్కత్తు ఇచ్చిన చెయ్యి ఈ రోజు వేలు చూపించవచ్చు. మెప్పును ఆధారం చేసుకుని ఏ కార్మికుడూ కోర్టుకు పోలేడు. జీతానికీ పని గంటలకూ మాత్రం కాగితం ఉంటుంది. ఆ కాగితాల పరిస్థితి ఎలా ఉన్నదో చూద్దాం. అమెరికా కేంద్రప్రభుత్వ నిబంధన ప్రకారం సరుకు లారీ డ్రైవరు వరుసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్న తరువాత పదకొండు గంటలకు మించి బండి తోలకూడదు. నిద్రలేనివాడు రోడ్డుకు ప్రమాదమని ఈ నియమం. కాని ప్రభుత్వాలే నడిపే బండ్లకు, అంటే రాష్ట్రాల, నగరాల మంచుబండ్లకు, ఆ నియమం వర్తించదు. ఎవరికి వారు గంటలు నిర్ణయించుకుంటారు. అన్నిటికంటే చెడ్డ రోడ్డుమీద, అన్నిటికంటే చెడ్డ రాత్రి తోలేవాడికి నిద్రహక్కు కేంద్రచట్టంలో లేదు. యూనియను బలంగా ఉన్నచోట ఒప్పందంలో ఉంటుంది, లేనిచోట అధికారి దయలో ఉంటుంది.

యూనియన్ల సంగతి కూడా చూడండి. మిన్నెసోటా పక్కనే విస్కాన్సిన్ ఉన్నది. అక్కడ రాష్ట్ర రహదారులమీద కూడా మంచు తోసేది కౌంటీ ఉద్యోగులే. 2011లో గవర్నరు స్కాట్ వాకర్ తెచ్చిన చట్టం ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్లు మూల జీతం తప్ప మరి దేన్ని గురించీ బేరమాడకుండా చేసింది. పని గంటలు, పాళీలు, భద్రత అన్నీ బేరంలోంచి ఎగిరిపోయాయి. పోలీసులను, అగ్నిమాపక దళాన్ని మాత్రం మినహాయించారు. మంచునాగలి డ్రైవరును మినహాయించలేదు. వేలమంది మాడిసన్ శాసనసభ భవనాన్ని వారాలతరబడి ఆక్రమించి కూర్చున్నా చట్టం ఆగలేదు. 2024 డిసెంబరులో ఒక న్యాయమూర్తి ఆ చట్టంలో చాలా భాగం కొట్టివేశాడు, వివాదం పై కోర్టుకెక్కింది. పదమూడేళ్ళపాటు ఆ డ్రైవరుకు దక్కిన మెప్పు ఎంతో నాకు లెక్క తెలియదు. దక్కని బేరం హక్కు మాత్రం చట్టం పుస్తకంలో ఉన్నది.

2021–22 చలికాలంలో చాలా రాష్ట్రాలు మంచుబండ్లకు డ్రైవర్లు దొరకడంలేదని గోలపెట్టాయి. ఎందుకు దొరుకుతారు? అదే లైసెన్సుతో ప్రైవేటు లారీ తోలితే ఎక్కువ జీతం. మెప్పుతో సీటు నిండదని ఆ ప్రభుత్వాలే నేర్చుకుని, కొన్ని చోట్ల జీతాలు పెంచి, చేరినవాళ్ళకు అదనపు సొమ్ము ఇస్తామన్నాయి. పండుగ చెయ్యలేని పని ఖాళీ సీట్లు చేశాయి.

ఈ పండుగలో ఎవరూ గమనించని హాస్యం మరొకటున్నది. పండుగ ఎవరిదో వాడికి ఆ రోజు సెలవు లేదు. మంచు పడిందంటే వాడు బండిమీదే ఉండాలి. క్రిస్మస్ రాత్రి మంచు పడినా అంతే. మే దినం షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనికోసం నెత్తురు చిందించి పుట్టించినది. ఆ రోజున కార్మికుడు పని ఆపి వీధిలోకి వస్తాడు, తన ముఖం తాను చూపిస్తాడు. మే దినం పుట్టిన దేశంలోనే దాన్ని తప్పించి, 1894లో సెప్టెంబరుకు ఒక మెత్తని శ్రామిక దినం ప్రకటించారు. ఆ మెత్తని రోజున కూడా సెలవంటూ ఒకటున్నది. న్యూయార్కులోనే 1896లో వీధులు శుభ్రంచేసే కార్మికులు తెల్లని దుస్తులు వేసుకుని ఊరేగింపుగా నడిచారు. నడిపించినవాడు వేరింగ్ అనే కర్నలు, సైనిక క్రమశిక్షణ మనిషి, మనవాడేమీ కాదు. అయినా ఆయన కార్మికులు ఎన్నుకున్న 41 మంది సంఘం ఒకటి పెట్టి, ఫిర్యాదులు వినే ఏర్పాటు చేశాడు. ఆ రోజున వీధిలో నడిచింది మనుషులు. నూట పాతికేళ్ళ తరువాత పేర్లు తగిలించుకుని వస్తున్నవి లారీలు.

ఇప్పుడు మొదటి అభిప్రాయం మిత్రులకు ఒక మాట. "మన దేశంలో ఆ మెప్పు కూడా లేదు కదా" అన్నారు. ఎందుకు లేదు? 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా పళ్ళాలు మోగించింది. ఆ చప్పుడు అందుకున్నవాళ్ళలో ఆశా కార్యకర్తలు ఉన్నారు. అదే ఏడు ఆగస్టులో వాళ్ళు జీతాలకోసం, రక్షణ సామగ్రికోసం సమ్మె చెయ్యవలసి వచ్చింది. అప్పుడు పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చినవారు ఎందరు? ఇక అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలున్నాయి. న్యూజెర్సీలో సంక్రాంతి సంబరాలకు హాలు చేరాలంటే ముందు ఆ రోడ్డుమీద నాగలి నడవాలి. వాళ్ళ పిల్లలు కూడా డ్రైవరుకు బొమ్మలు గీసి పంపుతారు. పంపనివ్వండి. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఊరి బడ్జెటు సమావేశంలో ఆ డ్రైవరు ఉద్యోగం తీసివేసే తీర్మానం వస్తుంది. అది వచ్చిన రోజున వాళ్ళు ఎటు చెయ్యి ఎత్తుతారన్నది నేను అడుగుతున్న ప్రశ్న.

మంచు తోసేవాళ్ళు మన దేశంలోనూ ఉన్నారు. 1960లో ఏర్పడ్డ సరిహద్దు రహదారుల సంస్థ హిమాలయ కనుమల్లో ప్రతి ఏడూ మంచు తొలగిస్తుంది. 2025లో జోజి లా కనుమను 32 రోజుల్లోనే తెరిచామని ఏప్రిల్ 1న ప్రకటించారు. ఘనమైన పనే. పత్రికల్లో యంత్రాల ఫొటోలు వచ్చాయి, అధికారుల పేర్లు వచ్చాయి. ఆ సంస్థ కింద పనిచేసే రోజుకూలీలు జార్ఖండు, బీహారు వంటి దూరప్రాంతాలనుంచి వస్తారు. జోజి లా తెరవడానికి నెలరోజుల ముందు, ఫిబ్రవరి 28న, ఉత్తరాఖండులో బదరీనాథ్ దాటిన తరువాత ఉన్న మానా దగ్గర మంచుచరియ విరిగి ఆ సంస్థ శిబిరంమీద పడ్డది. అక్కడున్న 54 మంది మంచు తొలగించే పనికి కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు. ఇనుప కంటెయినర్లలో ఉంటున్నారు. ఆ ఎత్తు ప్రదేశాలకు మంచుచరియల ప్రమాదమున్నదని ముందురోజు సాయంత్రమే హెచ్చరిక వెలువడింది. 46 మందిని సైనికులు తవ్వి బయటికి తీశారు. ఎనిమిదిమంది చనిపోయారు. మానాలో బోర్డు మారి అప్పటికి రెండేళ్ళు: "భారతదేశపు చివరి గ్రామం" అన్నది పోయి, 2023లో "మొదటి గ్రామం" అయింది. బోర్డు పెట్టించింది ఆ రహదారుల సంస్థే. మే 4న బదరీనాథ్ గుడి తలుపులు తెరిచారు. మన జిల్లాలనుంచి వెళ్ళిన యాత్రికులు దర్శనం చేసుకుని, మరో మూడు కిలోమీటర్లు ముందుకు పోయి, ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వచ్చారు.